దాచిన పెట్టె, దాగని నడవడి

ఈ భూమి మీద ముప్పై లక్షలకు పైగా చిన్న చిన్న పెట్టెలు దాగి ఉన్నాయి. చెట్ల తొర్రలలో, రాళ్ల సందులలో, ఉద్యానవనాల మూలలలో, కొండదారుల పక్కన ఉన్నాయి. అవి దొంగలు దాచినవి కావు, పాతకాలపు నిధులూ కావు. ఎవరో ఒక సాధారణ మనిషి తన ఊరిలో తనకు నచ్చిన చోట ఒక డబ్బా ఉంచి, దానిలో ఒక చిన్న పుస్తకం పెట్టి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను లోకానికి తెలియజేస్తాడు. ఇష్టమున్నవారు ఆ అంకెలను పట్టుకుని వెదుకుతూ వస్తారు. పెట్టె దొరికితే పుస్తకంలో పేరు, తేదీ వ్రాసి, దానిని మళ్లీ ఉన్నచోటనే ఉన్నట్టుగా ఉంచి వెళ్లిపోతారు. ఈ ఆట పేరు జియోకాషింగ్. జియో అనగానే మన ఇళ్లలో ఫోను సిమ్మే గుర్తుకు వస్తుంది. ఇది ఆ జియో కాదు. గ్రీకు భాషలో భూమికి సంబంధించిన మాట అది. కాష్ అంటే దాచిన వస్తువు.

గల్ఫ్ దేశాలలో, అమెరికాలో, ఇంగ్లండులో స్థిరపడిన మన పిల్లలు సెలవులకు స్వస్థలాలకు వచ్చినప్పుడు ఈ ఆటను కూడా వెంట తెస్తున్నారు. ఇక్కడి చిన్నాన్న పిల్లలకు, మేనత్త పిల్లలకు నేర్పుతున్నారు. కొందరు తల్లిదండ్రులు మద్రసాకు వచ్చి మమ్మల్ని అడిగారు: ఇది ధర్మసమ్మతమేనా? ఇతరులు దాచిన వస్తువును ముట్టుకోవచ్చునా? ఇందులో జూదం ఏమైనా ఉన్నదా? ఒక తల్లి మాత్రం వేరొక ప్రశ్న అడిగింది. “గడ్డం ఉన్న కుర్రవాడు పార్కులో బెంచీ కింద చేయి పెట్టి వెదుకుతుంటే చూసినవాళ్లు ఏమనుకుంటారు మౌలానా?” అన్నది. మొదటి మూడు ప్రశ్నలకు గ్రంథాలలో జవాబులున్నాయి. నాలుగవదానికి మన కాలం, మన దేశం చూసి జవాబు చెప్పవలసి ఉన్నది.

ముందుగా ఆట పుట్టుక గురించి చెప్పుకుందాము. ఆకాశంలో దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలను అమెరికా సైన్యం నిర్మించుకున్నది. వాటి సంకేతాలు సామాన్యులకు కూడా అందేవి గాని, వాటిలో కావాలనే కొంత తప్పు కలిపి వదిలేవారు. దానివల్ల మనిషి నిలబడిన చోటుకు, యంత్రం చూపే చోటుకు నూరు మీటర్ల వరకు తేడా వచ్చేది. 2000 సంవత్సరం మే నెల ఆరంభంలో అమెరికా ప్రభుత్వం ఆ కల్తీని ఆపివేసింది. మే 3వ తేదీన డేవ్ అల్మర్ అనే కంప్యూటర్ నిపుణుడు ఓరెగాన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ అనే ఊరి దగ్గర అడవిలో ఒక నల్లని బకెట్టును కొంత నేలలో దించి ఉంచాడు. దానిలో కొన్ని పుస్తకాలు, ఒక వడిసెల, ఒక చిక్కుడు గింజల డబ్బా, ఇలాంటివేవో పెట్టాడు. ఆ చోటి అంకెలను అంతర్జాలంలో ప్రకటించి, ఏదైనా తీసుకుంటే బదులుగా ఏదైనా ఉంచండి, పుస్తకంలో వ్రాయండి అని కోరాడు. మూడు రోజులలోనే ఇద్దరు దానిని కనుగొన్నారు.

మొదట దీనిని ఆంగ్లంలో స్టాష్ వేట అని పిలిచారు. స్టాష్ అనే మాటకు మత్తుమందులు దాచుకోవడం అనే వాసన ఉన్నది. అది తగదని ఆ నెలాఖరులోనే మాట్ స్టమ్ అనే వ్యక్తి జియోకాషింగ్ అనే పేరు సూచించాడు. మంచి పని అయినా పేరు చెడ్డదైతే మార్చుకోవాలనే ఆలోచన వారికి కలగడం మాకు నచ్చింది. దైవప్రవక్త (సఅసం) కూడా చెడు అర్థం వచ్చే పేర్లను మార్చేవారని మన పాఠకులకు తెలుసు. ఆ ఏడాది సెప్టెంబరులో జెరెమీ ఐరిష్ అనే వ్యక్తి ఈ ఆట కోసం ప్రత్యేకంగా ఒక జాలస్థలాన్ని ఆరంభించాడు. అప్పటికి లోకంలో ఉన్న పెట్టెలు 75 మాత్రమే. మొదటి బకెట్టులో తినుబండారం ఉన్నది, అది నేలలో దిగి ఉన్నది. నేటి నియమాల ప్రకారం మొదటిది కుదరదు, రెండవది స్థలం యజమాని స్పష్టంగా అనుమతిస్తేనే కుదురుతుంది. తినే వస్తువుల వాసనకు జంతువులు వస్తాయి. నేలను తవ్వి పాతిపెట్టితే తోటలు, దారులు పాడవుతాయి. మద్యం, ఆయుధాలు, మందుగుండు పెట్టెలలో ఉంచడం కూడా నిషిద్ధమే.

ఇక ఆ అంకెల సంగతి. చార్మినార్ ఉన్న చోటు దాదాపు ఉత్తరం 17 డిగ్రీల 21.696 నిమిషాలు, తూర్పు 78 డిగ్రీల 28.482 నిమిషాలు. ఈ ఆటలో చోటును ఇలాగే వ్రాస్తారు. దశాంశ బిందువు తరువాత వచ్చే మూడవ అంకె ఉత్తర దక్షిణాలుగా ఒకటి మారితే నేల మీద రెండు మీటర్ల కంటె తక్కువే జరుగుతాము. కాని ఫోను అంత సూక్ష్మంగా చూపలేదు. ఆకాశం తెరిపిగా ఉన్నచోట అయిదు మీటర్ల దాకా తేడా ఉంటుంది. చెట్ల కింద, ఎత్తైన భవనాల నడుమ అంతకంటె ఎక్కువ. కనుక యంత్రం మనలను పెట్టె దగ్గరకు తీసుకుపోదు, దాని చుట్టుపక్కలకు మాత్రమే తీసుకుపోతుంది. మిగిలిన పని కళ్లతో చేయవలసినదే. ఈ ఆటలోని మంచి అంతా ఆ చివరి అయిదు మీటర్లలోనే ఉన్నదని మా అభిప్రాయం.

అక్షాంశ రేఖాంశాల విద్య మనకు పరాయిది కాదు. నమాజుకు దిక్కు కావాలి. దిక్కు కావాలంటే మనమున్న చోటు, కాబా ఉన్న చోటు రెండూ తెలియాలి. ఈ అవసరమే ముస్లిం గణిత పండితులను శతాబ్దాల పాటు పనిచేయించింది. ఖ్వారిజ్మ్‌లో 973లో జన్మించిన అల్ బిరూనీ ప్రదేశాల స్థానాలను నిర్ణయించడం మీదనే ‘తహ్‌దీద్’ అనే గ్రంథం వ్రాశాడు. గజ్నీ నగరం ఎక్కడున్నదో ఖచ్చితంగా తేల్చడం దాని లక్ష్యాలలో ఒకటి. నేడు పాకిస్తాన్‌లో ఉన్న నందనా కోట వద్ద కొండ ఎక్కి, అక్కడినుంచి దిగంతరేఖ ఎంత కిందికి వాలి కనబడుతున్నదో కొలిచి, దాని నుంచి భూమి వ్యాసార్థాన్ని లెక్కకట్టాడు. డమాస్కస్‌లోని ఉమయ్యద్ మస్జిదులో పద్నాలుగవ శతాబ్దంలో ఇబ్నుష్షాతిర్ అనే గొప్ప ఖగోళవేత్త నమాజు వేళలు నిర్ణయించే ఉద్యోగంలో ఉండేవాడు. మన పిల్లవాడు ఫోనులో అంకెలు చూసి నడుస్తున్నప్పుడు ఈ పెద్దల పేర్లు ఒకటి రెండు చెవిన వేస్తే ఆటతో పాటు పాఠమూ అవుతుంది.

మా మద్రసాలో ఒకసారి అలాగే చేశాము. ఖిబ్లా ఏ దిక్కు అని అడిగితే పిల్లలందరూ పడమర అన్నారు. అక్షాంశ రేఖాంశాలతో లెక్క చేయించాము. హైదరాబాదు నుంచి చూస్తే ఖిబ్లా నేరుగా పడమర కాదు, పడమర నుంచి ఉత్తరం వైపు దాదాపు 13 డిగ్రీలు జరిగి ఉంటుంది. దిక్సూచి పెట్టి నేల మీద సుద్దముక్కతో గీత గీయించి, మా మస్జిదు మిహ్రాబుతో పోల్చి చూపించాము. ఆ తరువాత ఆవరణలో ముందే దాచిన ఒక డబ్బాను అంకెల సాయంతో వెదకమన్నాము. గణితం అంటే మొహం చాటేసే పిల్లలు కూడా ఆ రోజు డిగ్రీలూ నిమిషాలూ వదలలేదు.

ధర్మశాస్త్రం వైపు నుంచి వచ్చే ప్రశ్నలు చూద్దాము. దొరికిన వస్తువును లుఖతా అంటారు. దాని విషయంలో దైవప్రవక్త (సఅసం) స్పష్టమైన మార్గం చూపారు. అది ఉన్న సంచి ఎలాంటిది, దానిని కట్టిన తాడు ఎలాంటిది అని గుర్తుపెట్టుకోవాలి, ఒక సంవత్సరం పాటు ప్రకటించాలి. తప్పిపోయిన ఒంటె విషయం అడిగినప్పుడు మాత్రం దాని జోలికి పోవద్దని వారించారు. అది తన కాళ్ల మీద తాను నడుస్తుంది, నీరు తాగుతుంది, యజమాని వచ్చి తీసుకుపోతాడు. జియోకాషింగ్ పెట్టె తప్పిపోయిన వస్తువు కాదు. యజమాని దానిని తెలిసే అక్కడ ఉంచాడు, తెరిచి చూడమని అందరికీ అనుమతి ఇచ్చాడు. కనుక లుఖతా నియమాలు దానికి వర్తించవు. అయితే ఆట సంగతి తెలియక ఎవరైనా దానిని చూస్తే ఒంటె పాఠమే వారికి మేలు. ఉన్నచోటనే ఉండనివ్వాలి.

పందెం లేదు, ఓడినవారు గెలిచినవారికి ఇచ్చేదీ లేదు. కాబట్టి జూదం ప్రసక్తి రాదు. పెద్ద పెట్టెలలో చిన్న బొమ్మలు, నాణేలు, గోలీలు వంటివి ఉంటాయి. ఒకటి తీసుకుంటే దానికి సమానమైనదో, అంతకంటె మేలైనదో ఉంచాలన్నది నియమం. ఇక్కడ తల్లిదండ్రులు కొంచెం కనిపెట్టి ఉండాలి. పిల్లవాడు మెరిసే నాణెం తీసుకుని బదులుగా చాక్లెట్ కాగితం ఉంచి వచ్చాడంటే అది ఆట కాదు. ఏమీ తీసుకోకుండా పేరు వ్రాసి రావడం అన్నిటికంటె తేలిక, ఉత్తమం కూడా.

ఈ పెట్టెలలో అప్పుడప్పుడు ఒక ప్రత్యేక వస్తువు కనబడుతుంది. దానికి ఒక లోహపు బిళ్ల కట్టి ఉంటుంది, బిళ్ల మీద ఒక సంఖ్య ఉంటుంది. దీనిని ట్రావెల్ బగ్ అంటారు. దాని యజమాని ఎక్కడో ఉంటాడు. తన వస్తువు ఏ ఊరికి చేరాలో కోరిక వ్రాసుకుంటాడు. ఒకరు దానిని తీసుకుని వేరొక పెట్టెలో ఉంచుతారు, మరొకరు ఇంకొంచెం ముందుకు తీసుకుపోతారు. దారిలో ఉన్నవారెవరికీ అది సొంతం కాదు, ఎవరూ ఎవరినీ చూసి ఉండరు. కాపలా లేదు, రశీదు లేదు. అది దొరికినవాడు ఇంటికి తీసుకుపోయి అలమారలో పెట్టుకుంటే అడిగేవాడు లేడు. అమానతు అనే మాటను మేము తరగతి గదిలో ఎన్నో ఏళ్లుగా బోధిస్తున్నాము. హనఫీ గ్రంథాలలో దాని షరతులన్నీ వరుసగా చదివిస్తాము. పదేళ్ల పిల్లవాడి అరచేతిలో అలాంటి బిళ్ల ఒకటి పెట్టి, ఇది నీది కాదు, నీ చేతిలో ఉన్నది, ముందుకు పంపు అని చెబితే ఆ పాఠం ఇంకొక విధంగా అర్థమవుతుంది. గల్ఫ్‌కు తిరిగి వెళ్లే బంధువుల సంచిలో ఇలాంటిది పంపిన కుటుంబం ఒకటి మాకు తెలుసు. అది ఎక్కడిదాకా పోయిందో ఫోనులో చూసుకుంటూ ఆ ఇంటి పిల్లలు భూగోళం నేర్చుకుంటున్నారు.

అబద్ధానికి కూడా ఇందులో తావున్నది. ఇంట్లో కూర్చునే పెట్టె దొరికిందని నమోదు చేసుకునేవారు అన్ని దేశాలలోనూ ఉన్నారు. లెక్క పెంచుకోవాలన్న యావ అది. మొదటి రోజునే పిల్లలకు చెప్పవలసిన మాట ఇది: దొరకలేదని వ్రాయడానికి కూడా అక్కడ వీలున్నది, అలా వ్రాస్తే అది యజమానికి మేలే చేస్తుంది. పెట్టె పోయిందేమోనని వచ్చి చూసుకుంటాడు.

కాలం వృథా కాదా అని అడిగే పెద్దలు ఉన్నారు. దైవప్రవక్త (సఅసం) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసిన సంగతి, ముందు ఆమె గెలిచి, తరువాత ఒక ప్రయాణంలో ఆయన గెలిచిన సంగతి మనకు తెలుసు. మనసుకు విశ్రాంతి ఇచ్చే ఘడియ కూడా ఉండాలని హజ్రత్ హన్‌జలా (రజి)కి ఆయన బోధించారు. నమాజు తప్పకుండా, బాధ్యతలు వదలకుండా కుటుంబంతో కలిసి నడిచే రెండు గంటలు వృథా అని మేము అనలేము. ఏ ఆట అయినా వ్యసనమైతే వృథాయే. వారానికి ఎన్ని దొరికాయని లెక్కపెట్టడం మొదలయిందంటే పగ్గాలు లాగవలసిన సమయం వచ్చిందని గ్రహించాలి.

కుటుంబానికి ఈ ఆట ఎలా పరిచయం చేయాలి? ఉత్సాహవంతులైన యువకులు మొదటి రోజునే అమ్మనూ నాన్నమ్మనూ వెంటబెట్టుకుని ఎండలో కొండ ఎక్కిస్తారు. రెండు గంటలు వెదికినా ఏమీ దొరకదు. ఇక ఆ ఇంట్లో ఆ మాట ఎత్తితే ఒట్టు. ప్రతి పెట్టెకూ రెండు కొలతలు ఇచ్చి ఉంటారు. దాచిన తీరు ఎంత కష్టం, అక్కడికి చేరే దారి ఎంత కష్టం అని ఒకటి నుంచి అయిదు వరకు అంకెలుంటాయి. రెండూ ఒకటి లేక ఒకటిన్నర ఉన్నదే మొదటి రోజుకు ఎన్నుకోవాలి. పెట్టె పరిమాణం కూడా చూడాలి. బొటనవేలంత సీసాలూ ఉన్నాయి. అవి పిల్లలకు విసుగు తెప్పిస్తాయి. టిఫిన్ డబ్బా అంత పెట్టె అయితే దొరికినప్పుడు ఆనందం కంటికి ఆనుతుంది. ఇటీవల ఎవరికైనా దొరికినట్టు నమోదయి ఉన్నదా అన్నది తప్పక చూడాలి. ఏడాదిగా ఎవరికీ దొరకని పెట్టె కోసం కొత్తవారిని తీసుకుపోవడం వారి ఉత్సాహం మీద నీళ్లు చల్లడమే.

వీలయితే నేర్పేవాడు ముందు రోజు తానొక్కడే వెళ్లి పెట్టె ఉన్నదో లేదో చూసి రావాలి. చూసి వచ్చిన సంగతి చెప్పకూడదా? చెప్పాలి. నాకు తెలుసు, మీరు వెదకండి అంటే ఎవరికీ నొప్పి లేదు. తెలియనట్టు నటించడం ఎందుకు?

తరువాత అతడు చేయవలసిన పని నోరు మూసుకుని నిలబడడం. ఇది పెద్దలకు ఎంత కష్టమో మాకు తెలుసు, మా వృత్తే మాట్లాడడం. ఒకసారి దైవప్రవక్త (సఅసం) తన సహచరులను ఒక పొడుపు ప్రశ్న అడిగారు. ముస్లింను పోలిన, ఆకు రాలని చెట్టు ఏది అని. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) అప్పటికి చిన్నవాడు. అది ఖర్జూరపు చెట్టని మనసులో తోచినా పెద్దలున్నారని ఊరుకున్నాడు. తరువాత తండ్రికి చెబితే, నీవు అక్కడ చెప్పి ఉంటే నాకు ఎంతో ఇష్టంగా ఉండేదని హజ్రత్ ఉమర్ (రజి) అన్నారు. మన ఇళ్లలో మర్యాద పేరిట ఊరుకునే పిల్లలు ఎందరో ఉన్నారు, ముఖ్యంగా ఆడపిల్లలు. అన్నల చేతిలో ఫోను ఉంటే వారు వెనక నడుస్తారు. మొదటి పెట్టె వెదికేటప్పుడు ఫోను అందరికంటె చిన్నవారి చేతిలో ఉంచండి.

పెద్దవారికి ఫోను అక్కరలేదు. గత సంక్రాంతి సెలవులలో కర్నూలు దగ్గర మా బంధువుల జామతోటలో పిల్లలు తమలో తాము ఈ ఆట ఆడారు. అది లోకానికి ప్రకటించిన పెట్టె కాదు, ఇంటివారు ఇంటివారి కోసం దాచుకున్నది. అరడజను మంది పిల్లలు ఫోను పట్టుకుని ఒకే చెట్టు చుట్టూ అరగంట తిరిగారు. నులక మంచం మీద తస్బీహ్ తిప్పుతూ కూర్చున్న దాదీ అంతా చూస్తున్నది. చివరకు లేచి వచ్చి, గట్టు పక్కనున్న ఒక రాయిని కర్రతో చూపి, “ఈ రాయి ఇక్కడిది కాదురా, దీని కింద గడ్డి పచ్చగా ఉంది” అన్నది. రాయి ఎత్తితే పెట్టె. ఆ రోజు నుంచి పిల్లలు ఎక్కడికి వెదకడానికి పోయినా దాదీని కూడా రమ్మంటున్నారు. ఆమెకు మోకాళ్ల నొప్పి. కారు దిగి పది అడుగుల కంటె నడవలేదు. అందువల్ల వారు ఇప్పుడు దారి కొలత ఒకటి ఉన్న పెట్టెలనే ఎన్నుకుంటున్నారు.

మన చిన్న పట్టణాలలో లోకానికి ప్రకటించిన పెట్టెలు అరుదు. హైదరాబాదులో కొన్ని ఉన్నాయి. కదిరిలోనో జగిత్యాలలోనో ఉండే కుటుంబం నిరాశపడనక్కరలేదు. జామతోటలో చేసినట్టే సొంతంగా చేసుకోవచ్చు. బంధువుల పొలమో, మామిడితోటో, విశాలమైన పెరడో చాలు. ఒక ఇంటివారు పెట్టె దాచి, ఫోనులో చోటు గుర్తు చూసి, అంకెలు కాగితం మీద వ్రాసి రెండవ ఇంటికి పంపాలి. ఈద్ నాడు పిల్లలకు ఇచ్చే ఈదీని ఇలా దాచిన పెట్టెలో ఉంచిన మామూలు ఉన్నారు. అలాంటప్పుడు ఎవరికి ఎంత అన్నది ముందే కవర్ల మీద పేర్లు వ్రాసి ఉంచడం మంచిది. లేకుంటే పండుగనాడు కొట్లాట.

ఇక ఆ తల్లి అడిగిన ప్రశ్న.

ఈ ఆట ఆడేవారు, ఆట తెలియనివారిని మగుల్ అని పిలుస్తారు. మాయలు మంత్రాల కథలున్న ఒక ఆంగ్ల పిల్లల నవల నుంచి తీసుకున్న మాట అది. మగుల్ కంట పడకుండా పెట్టెను తీయడం, మళ్లీ పెట్టడం ఒక నేర్పు అని వారు చెప్పుకుంటారు. పెట్టె భద్రంగా ఉండాలంటే కొంత గుట్టు అవసరమే. కాని చూసేవారి కంటికి అది ఎలా ఉంటుందో ఆలోచించండి. ఒక మనిషి అటూ ఇటూ చూస్తాడు, వంగుతాడు, గోడ సందులో ఏదో పెట్టి గబగబా వెళ్లిపోతాడు. 2011లో ఇంగ్లండులోని వెదర్బీ పట్టణంలో ఇలాగే ఒక కాఫీ హోటలు బయట ఉన్న చిన్న పెట్టెను చూసి జనం భయపడ్డారు. వీధి ఖాళీ చేయించి, సైన్యపు బాంబు దళం దానిని పేల్చివేసింది. ఆ పెట్టెలో ఉన్నది పేర్లు వ్రాసుకునే కాగితం.

మన హైదరాబాదు 2007 మే 18న మక్కా మస్జిదులో, అదే ఏడాది ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ వద్ద, 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబు పేలుళ్లు చూసింది. ఈ నగరంలో యజమాని లేని డబ్బా అంటే అందరికీ, మనకు కూడా, భయమే. అది న్యాయమైన భయం. దానితో పాటు ఇంకొక నిజం కూడా ఉన్నది. మక్కా మస్జిదు పేలుడు తరువాత అనుమానం మీద పట్టుకుపోయిన మన యువకులలో పలువురు ఆ తరువాత నిర్దోషులుగా విడుదలయ్యారు. పోయిన చదువులు, పోయిన పెళ్లి సంబంధాలు మాత్రం తిరిగి రాలేదు. ఆ తల్లి ప్రశ్న వెనుక ఇదంతా ఉన్నది. ఆమె భయాన్ని పిరికితనం అని మేము కొట్టివేయలేము.

అలా అని పిల్లలను గదిలో కూర్చోబెట్టడమూ పరిష్కారం కాదు. దైవప్రవక్త (సఅసం) ఏతికాఫ్‌లో ఉండగా ఒక రాత్రి హజ్రత్ సఫియా (రజి) ఆయనను చూడడానికి వచ్చారు. ఆమెను సాగనంపుతుండగా ఇద్దరు అన్సారీలు ఆ దారిన పోయారు. ఆయన వారిని ఆపి, ఈమె నా భార్య సఫియా అని చెప్పారు. మిమ్మల్ని మేము అనుమానిస్తామా అని వారు నొచ్చుకున్నారు. అయినా వారి మనసులో షైతాను ఏదైనా పడవేస్తాడేమోనని తానే ముందుగా విప్పి చెప్పారు. ఆయనకు వివరణ ఇవ్వవలసిన అవసరం ఏమున్నది? అయినా ఇచ్చారు. మేము ఈ ఆటకు అన్వయించే సున్నతు ఇదే. పెట్టె దాగి ఉండనివ్వండి, మీరు దాగవద్దు.

అంటే ఏమి చేయాలి? పగటిపూట వెళ్లాలి. ఒంటరిగా కాక కుటుంబంతో వెళ్లాలి. పక్కింటి హిందూ, క్రైస్తవ స్నేహితుల పిల్లలను కూడా కలుపుకుంటే ఇంకా మంచిది, స్నేహమూ పెరుగుతుంది. పార్కులో కాపలాదారుకు ముందుగా సలామో నమస్కారమో చెప్పి, ఇది ఫలానా ఆట, ఈ చుట్టుపక్కల ఒక డబ్బా ఉన్నది, వెదుకుతున్నాము అని ఫోనులో చూపించాలి. ఎవరైనా అడిగితే తడబడకుండా, కోపగించుకోకుండా అదే మాట చెప్పాలి. పోలీసు అడిగినా అదే మాట. వెళ్లిపొమ్మంటే వెళ్లిపోవాలి, పెట్టె ఎక్కడికీ పోదు. రైలు స్టేషన్లు, బస్టాండ్లు, ప్రభుత్వ కార్యాలయాలు, ఇతరుల ప్రార్థనా స్థలాల పరిసరాలలో పెట్టె ఉన్నట్టు ఫోను చూపినా వెదకవద్దు. ఆట నియమాలు కూడా ఇలాంటి సున్నితమైన చోట్లను, బడుల ఆవరణలను మినహాయించమంటాయి. చీకటి పడిన తరువాత మగపిల్లల గుంపు టార్చిలైట్లతో పొదలు వెదకడం మేము ఎంతమాత్రం ఒప్పుకోము. అది సాహసం కాదు.

కాపలాదారుకు చెబితే ఆటలో మజా పోతుందని మా విద్యార్థి ఒకడు వాదించాడు. వాడికి ఒక పార్కులో జరిగిన సంగతి గుర్తుచేశాము. కాపలాదారుకు ఆట వివరించిన తరువాత ఆ పెద్దాయన, “ఓహో, అప్పుడప్పుడు విదేశీయులు వచ్చి ఆ మర్రిచెట్టు చుట్టూ తిరిగేది దీనికోసమా!” అని తానూ వెదకడానికి వచ్చాడు. పెట్టె ఆయనకే దొరికింది. పుస్తకంలో తన పేరు తెలుగులో వ్రాశాడు.

పెట్టెలేని పెట్టెలు కూడా ఉన్నాయి, ఈ భయాలున్నవారికి అవి మరీ మేలు. ఎర్త్‌కాష్ అనే రకం 2004లో మొదలైంది. దానిని అమెరికా భూగర్భశాస్త్ర సంఘం నడిపింది. అక్కడ డబ్బా ఉండదు. ఒక కొండ దగ్గరకో గుహ దగ్గరకో వెళ్లి, అక్కడి రాయిని పరిశీలించి, ఇచ్చిన ప్రశ్నలకు జవాబులు పంపాలి. హైదరాబాదు చుట్టూ ఉన్న గ్రానైటు బండల వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. భూమిలో సంచరించి సృష్టి ఎలా మొదలైందో చూడమని దివ్యఖుర్ఆన్ మనలను పిలిచిన పిలుపును నెరవేర్చడానికి ఇంటికి పదిమైళ్లలో ఇంతటి పాఠశాల ఉన్నది. మన పిల్లలు ఆ బండల మీద స్వీయచిత్రాలు తీసుకుని దిగివస్తున్నారు.

మరికొన్ని మాటలు త్వరగా చెబుతాము. మన నేలలో పాములు, తేళ్లు ఉంటాయి. తొర్రలోకి, రాతి సందులోకి చేయి పెట్టేముందు కర్రతో కదపండి. వేసవిలో ఫజ్ర్ నమాజు చదివి బయలుదేరితే ఎండ ముదరకముందే తిరిగి రావచ్చు. చాప ఒకటి, వుజూకు నీళ్లు వెంట ఉంచుకోండి. పెట్టె చూపిన ఫోనే ఖిబ్లా కూడా చూపుతుంది. గోల్కొండ వంటి చారిత్రక కట్టడాలలో రాళ్లు కదపడం నేరం. అక్కడ చూడండి, నడవండి, వెదకవద్దు. ఇక చెత్త సంగతి. 2002 నుంచి ఈ ఆటగాళ్లు పెట్టె కోసం వెళ్లిన దారిలో చెత్త ఏరుకుని రావడం ఒక ఉద్యమంగా చేస్తున్నారు. దారిలో ఉన్న హానికరమైన దానిని తొలగించడం విశ్వాసపు శాఖలలో ఒకటని మనకు పద్నాలుగు వందల ఏళ్ల క్రితమే బోధించబడింది. ఈద్‌గాహ్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు మనం వదిలి వచ్చే కాగితపు పళ్లాలు చూసిన పిల్లలకు ఆ హదీసు ఏ నోటితో చెప్పాలో మాకు అర్థం కాదు. ఒక సంచి వెంట తీసుకువెళ్లండి.

కొంతకాలం ఆడిన తరువాత పిల్లలు తామూ ఒక పెట్టె లోకానికి ప్రకటిస్తామంటారు. తొందరపడవద్దు. కనీసం ఇరవై పెట్టెలు వెదికి, మంచివేవో చెడ్డవేవో తెలుసుకోనివ్వండి. స్థలం యజమాని అనుమతి తప్పనిసరి. మరొక పెట్టెకు 161 మీటర్ల లోపు ఉండకూడదన్న నియమమున్నది. స్వచ్ఛంద పరీక్షకులు చూసి ఒప్పుకున్న తరువాతనే అది ప్రకటితమవుతుంది. స్టీలు టిఫిన్ డబ్బా వద్దు. లోపల ఏమున్నదో బయటినుంచే కనబడే ప్లాస్టిక్ డబ్బా వాడండి. ఇది ఫలానా ఆటకు చెందినదని తెలుగులోను, ఉర్దూలోను, ఆంగ్లంలోను మూత మీద వ్రాసి అంటించండి. పెట్టి మరచిపోవడానికి వీల్లేదు. దూరం నుంచి వచ్చినవారు వెదికి వెదికి ఉత్త చేతులతో పోతే ఆ శ్రమ మీ ఖాతాలోదే. నెలకొకసారైనా వెళ్లి చూడండి, తొలకరి తరువాత తప్పక చూడండి. లోపలి పుస్తకాన్ని జిప్పు ఉన్న ప్లాస్టిక్ సంచిలో ఉంచండి. కలం వద్దు, తడి కాగితం మీద సిరా అలుక్కుపోతుంది. చెక్కిన పెన్సిలు ఒకటి ఉంచండి, చెక్కుకోవడానికి చిన్న షార్పెనరు కూడా.